నవల బాగుంది... ఎందుకంటే?



మధ్యాహ్నం భోజనాలైపోయాయి. గిన్నెలు తోమి బోర్లించాం. పిల్లలు బడినుంచి రావడానికి యింకా రెండు గంటలుంది. రోజు మొత్తంమీద మనవి అనదగ్గవి ఆ రెండు గంటలే. అప్పుడు చేతికి మంచి నవల ఒకటి దొరికిందంటే కునుకు కూడా అక్కర్లేదు. సాయంత్రానికల్లా పూర్తిచేసి, పక్కింటావిడ చేతిలో పెడుతూ ‘‘చాలా బాగుంది వదినా, తప్పకుండా చదవండి’’ అంటాం. ఆవిడ నాలుగు రోజుల తర్వాత తెచ్చి యిస్తూ ‘‘ఏమోనమ్మా, నాకంతగా నచ్చలేదు’’ అంటుంది. ఆ పుస్తకాన్ని గురించి మన సంభాషణ అక్కడితో సరి. ఎందుకు బాగుందో మనం చెప్పలేదు. ఎందుకు నచ్చలేదో ఆవిడా చెప్పలేదు.

ఆ ‘ఎందుకు’ను గురించే యివాళ మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. నవలలు చదవడంలో మనం ఎవరికీ తీసిపోం. అభిప్రాయం చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం ‘మనకేం తెలుసులే’ అని వెనక్కి తగ్గుతాం.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో మా అమ్మను తలుచుకుంటే నాకు అర్థమవుతుంది. చిత్తూరులో మా యింట్లో అమ్మ వారపత్రికల్లోని సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, దబ్బనంతో కుట్టి, బియ్యం డబ్బా వెనకాల దాచుకునేది. ఒకసారి మా నాయనకోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆ కుట్టిన పుస్తకం చూసి, ‘‘ఆడవాళ్ళ చదువింతేలే, వంటింటి నవలలు’’ అని నవ్వాడు. అమ్మ కాఫీగ్లాసు అక్కడ పెట్టి, మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. చెప్పడానికేమీ లేక కాదు. ఆ నవలలో నాయిక చేసిన పని సబబా కాదా అని ఆ రాత్రే మా చిన్నమ్మతో గంటసేపు వాదించింది. ఎంత మంచి వాదన! కానీ అది వంటింటి గడప దాటలేదు.

ఆ రోజుల్లో యిట్లాంటి యిళ్ళు ఎన్నో. 1960లూ 1970లూ తెలుగు నవలకు రచయిత్రుల కాలమని పేరు. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’, రంగనాయకమ్మగారి ‘బలిపీఠం’, కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’, వాసిరెడ్డి సీతాదేవిగారి ‘మట్టిమనిషి’ చేతులు మారీ మారీ అట్టలు వూడిపోయిన పుస్తకాలు. ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా, ‘సెక్రటరీ’ 1976లో అదే పేరుతో సినిమాలుగా వచ్చాయి. మాలతీ చందూర్‌గారు ‘పాత కెరటాలు’ శీర్షికలో దేశదేశాల నవలల్ని మన యింటి భాషలో పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని యిల్లాలు కూడా ఆ కథల్ని గురించి మాట్లాడగలిగింది.

తిరుపతిలోనూ చిత్తూరులోనూ అద్దె పుస్తకాల కొట్లు వుండేవి, గుర్తుందా? రోజుకు పావలానో అర్ధరూపాయో యిచ్చి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు అవి దాదాపు కనుమరుగైపోయాయి. పాఠకుల అభిప్రాయాలు చూడాలంటే ఆ పుస్తకాల అంచులే చూడాలి. ఒకరు పెన్సిలుతో ‘శభాష్’ అని రాస్తే, కిందనే యింకొకరు ‘వట్టి చెత్త’ అని రాసేవారు. డిటెక్టివ్ నవల అయితే యింకో ప్రమాదం. మొదటి పేజీలోనే ఎవరో పుణ్యాత్ములు ‘హంతకుడు డాక్టరే’ అని రాసిపెట్టేవారు! ఇక ఆ పుస్తకం చదివేదేముంది?

ఉందా, లేదా? ఇది చాలా పెద్ద ప్రశ్న. దీనికి జవాబు చెప్పుకుంటే థ్రిల్లర్ నవలను ఎట్లా తూచాలో సగం తెలిసిపోయినట్టే.

ముందు ఒక చిన్న తేడా చెబుతాను. పొయ్యిమీద పాలు పెట్టి మీరు పెరట్లోకి వెళ్ళారనుకోండి. ‘చుయ్’మన్న చప్పుడు వినబడి పరుగెత్తుకొస్తే పాలన్నీ పొయ్యిపాలు. అది ఆశ్చర్యం, ఒక్క క్షణం వుంటుంది. అదే సంగతి మరోరకంగా చూడండి. పాలు అంచుదాకా పొంగి రావడం మీకు కిటికీలోంచి కనిపిస్తోంది. వంటింట్లో వున్న మీ కోడలు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. మీరు పిలుస్తున్నా ఆమెకు వినబడటం లేదు. అది ఉత్కంఠ. పాలు పొంగేదాకా మీ ప్రాణం నిలవదు. ఎవరు చేశారో చివరిదాకా దాచేది డిటెక్టివ్ నవల. ఏం జరగబోతోందో కొంత చూపించి మనల్ని కూర్చున్నచోట కూర్చోనివ్వనిది థ్రిల్లర్. మొదటిదానిలో మన బుద్ధికి పని, రెండోదానిలో మన గుండెకు పని. ఒకదాన్ని యింకోదాని కొలతతో కొలవకూడదు.

మనదేశంలో అయినా, పైదేశంలో అయినా పాఠకులు యీ రెండింటి విషయంలో వూరుకోలేదు. ఇంగ్లండులో కానన్ డాయిల్ 1893లో తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ను ఒక కథలో చంపేశాడు. పాఠకులు కోపంతో వుత్తరాలు రాశారు, ఎంతోమంది ఆ పత్రికకు చందా మానుకున్నారని చెబుతారు. పదేళ్ళు తిరిగేసరికి, 1903లో, రచయిత ఆ హోమ్స్‌ను తిరిగి బతికించక తప్పలేదు! అగాథా క్రిస్టీ 1926లో ‘రోజర్ ఆక్రాయిడ్ హత్య’ అనే నవల రాసింది. దాని ముగింపు చూసి, ‘రచయిత్రి మనల్ని అన్యాయంగా మోసం చేసింది’ అని కొందరూ, ‘మోసం లేదు, మనమే సరిగా చదవలేదు’ అని కొందరూ వాదించుకున్నారు. ఆ వాదన యీనాటికీ తెగలేదు. ముగింపు ఏమిటో నేను మాత్రం చెప్పను, మీరు చదువుకోవాలి. అన్నట్టు, క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. ఆమె నవలల్లో విషాల సంగతి అంత నమ్మకంగా వుండటానికి ఆ పనే కారణం.

మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు వుండనే వున్నారు. మధుబాబుగారి షాడో వున్నాడు. మన తమ్ముళ్ళు వాటిని లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేవాళ్ళు. వాళ్ళు నిద్రపోయాక మనమూ చదివాం, కాదంటారా? మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి ‘చంటబ్బాయ్’ డిటెక్టివ్ కథలోనే కడుపుబ్బ నవ్వించింది. అది 1986లో సినిమా కూడా అయింది.

అయితే యిల్లిల్లూ వూగిపోయింది మాత్రం యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’తో. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు వారంవారం ఆ పత్రికకోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు ఎందరో. పసిపిల్ల మీద చేతబడి. ఒకపక్క మంత్రగాళ్ళు, మరోపక్క వైద్యులు. చదివిన రాత్రి లైటు ఆర్పడానికి భయపడిన యిల్లాళ్ళను నేనెరుగుదును. ఆ నవల మీద అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. ఇంతగా చదివించే నవల తెలుగులో లేదన్నారు కొందరు. చేతబడి వంటి మూఢనమ్మకానికి యిది బలం పోస్తుందన్నారు మరికొందరు. రంగనాయకమ్మగారు చాలా ఘాటుగా విమర్శ రాశారు. ఒక రచయిత్రి, పేరుమోసిన థ్రిల్లర్‌ను పట్టుకుని, ‘ఇది నా పాఠకుల బుద్ధిని ఏం చేస్తోంది?’ అని నిలదీయడం చిన్న సంగతి కాదు. ఆమెతో మీరు ఏకీభవించనక్కర్లేదు. కానీ ఆమె ‘నచ్చలేదు’ అని వూరుకోలేదు, ఎందుకో చెప్పింది. మనం నేర్చుకోవాల్సింది అది.

ఒక థ్రిల్లర్‌ను మూసి పక్కన పెట్టాక నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. మీరూ వేసుకుని చూడండి.

మొదటిది: రచయిత మనకు న్యాయం చేశాడా? చివర బయటపడిన రహస్యానికి ఆనవాళ్ళు ముందే ఎక్కడైనా వున్నాయా, లేక ఆఖరు పేజీలో ఆకాశంనుంచి వూడిపడ్డాయా?

రెండోది: మనుషులు మనుషుల్లా ప్రవర్తించారా? కథ నడవడంకోసం తెలివైన ఆడపిల్ల చీకట్లో ఒంటరిగా పాడుబడ్డ బంగళాకు వెళ్ళిందంటే, ఆ తప్పు పిల్లది కాదు, రచయితది.

మూడోది: భయాన్ని దేంతో పుట్టించారు? ఆడదాని వొంటిమీద జరిగే హింసను నోరూరించేలా వర్ణించి పుట్టించారా, లేక నిజమైన ఆపదతో పుట్టించారా?

నాలుగోది, అన్నిటికంటె ముఖ్యమైంది: ముగింపు తెలిసిపోయాక యీ పుస్తకం రెండోసారి చదవబుద్ధి అవుతుందా? ‘హంతకుడు డాక్టరే’ అని ఎవరో మొదటి పేజీలో రాసినా చదవగలిగిన నవలే మంచి నవల. ఆ ఒక్క మాటతో చచ్చిపోయిన నవలలో రహస్యం తప్ప యింకేమీ లేదన్నమాట.

ఈ ప్రశ్నలు పట్టుకుని మన జిల్లా నవలల దగ్గరికి వద్దాం. థ్రిల్లర్ అంటే పట్నం, పోలీసు జీపు, పిస్తోలు వుండాలనుకుంటాం గదా? చిత్తూరు జిల్లా పల్లెల్లోంచి, వాటిలో ఒక్కటీ లేకుండా, వూపిరి బిగబట్టి చదివించే నవలలు రాసిన ఆయన డాక్టర్ కేశవరెడ్డిగారు. 1946లో మన జిల్లాలోనే పుట్టారు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి వైద్యుడిగా పనిచేశారు. 2015లో కన్నుమూశారు. ఆయన ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలాయన, తప్పిపోయిన చూలుపంది, అడవి, నక్కలు. అంతే. కథ ఒక్క రాత్రిలో అయిపోతుంది. ముగింపు తెలిసినా నేను దాన్ని మూడుసార్లు చదివాను. ఎందుకంటే ఆ ముసలాయన అడవిని చదివే తీరు, ఆకు కదిలితే అర్థం చెప్పే తెలివి ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఆయనే రాసిన ‘మునెమ్మ’ 2007లో ‘చతుర’లో వచ్చింది. నెలకొక నవలను పూర్తిగా అచ్చువేసిన పత్రిక కదా అది. మునెమ్మ మొగుడు జయరాముడు. ఇంట్లో బొల్లిగిత్త. ఆ గిత్త విషయంలో పెళ్ళాం మీద అనుమానపడి, దాన్నీ బాదాడు, ఆమెనూ కొట్టాడు. గిత్తను అమ్మేస్తానని సంతకు తోలుకుపోయాడు. గిత్త తిరిగొచ్చింది, మనిషి రాలేదు. సినబ్బ అనే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని మునెమ్మ మొగుణ్ణి వెదుక్కుంటూ బయల్దేరింది. ఆ తర్వాతి కథ చెప్పను. మన యాసలో, మన దుమ్ముదారుల్లో నడిచే అసలైన పరిశోధన అది. డిటెక్టివ్ మాత్రం చదువురాని పల్లెటూరి యిల్లాలు.

ఈ నవల మీద విమర్శకుల్లో పెద్ద వాదనే జరిగింది. దాన్ని మా వీధిలో నేను కళ్ళారా చూశాను. తిరుపతిలో మా వీధివాళ్ళం నలుగురం నెలకొక పుస్తకం వంతులవారీగా చదువుకుంటాం. ‘మునెమ్మ’ వంతు అయిన మధ్యాహ్నం మా యింట్లో వక్కాకు పళ్ళెం ముందు కూర్చున్నాం.

మొదటావిడ వస్తూనే పుస్తకం నా చేతిలో పెట్టేసింది. ‘‘మనిషినీ పశువునూ కలిపి యిట్లా అనుమానంగా రాయచ్చునా అక్కా? ఇది యింట్లో పెట్టుకునే పుస్తకమేనా?’’ అంది.

రెండో ఆవిడ పుంగనూరు పక్క పల్లెలో పుట్టింది. ‘‘అనుమానం మునెమ్మది కాదు గదక్కా, మొగుడిది. మా యింట్లో ఎద్దులుండేవి. మా నాయన మాకంటే ముందు వాటికి తౌడు కలిపి పెట్టేవాడు. వాటిని సంతకు తోలిన దినం మా అమ్మ అన్నం తినలేదు. ఆ ప్రేమ తెలియనోళ్ళకు యీ పుస్తకం తప్పుగానే కనపడతాది’’ అంది.

‘‘నా బాధ అది కాదు’’ అంది మూడో ఆవిడ. ఆమె టీచరుగా పనిచేసి విరమించింది. ‘‘కొట్టి అవమానించిన మొగుడికోసం యింత తిరగడమేమిటి? ఆమె ధైర్యాన్ని పొగడాలో, చివరికి పతివ్రతను చేశారని కోప్పడాలో నాకు తేలడం లేదు.’’

నాలుగో ఆవిడ ఎప్పుడూ మాట్లాడదు. ఏం అడిగినా ‘‘మీరంతా చెప్పిందే నాదీనూ’’ అంటుంది. ఆ రోజు వక్క నములుతూ చాలాసేపు వూరుకుని, చివరికి అంది: ‘‘నాకు ఒక్కటే అనిపించింది. ఇల్లు కదలడానికి ఆమె ఎవర్నీ పర్మిషన్ అడగలేదు. పోలీసుల్ని నమ్మలేదు. తనే విచారించింది, తనే తీర్పు చెప్పింది. ఆ తీర్పు తప్పే కావచ్చు. అయినా చదువుతున్నంతసేపూ నా గుండెల్లో భయం కాదు, బలం వుండింది. అందుకని నాకు నచ్చింది.’’

‘అందుకని’ అనే మాట ఆమె నోటినుంచి వినడం నాకదే మొదటిసారి. మొదటావిడ ఒప్పుకోలేదు, యిప్పటికీ ఒప్పుకోదు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఆమె అభ్యంతరానికీ కారణం వుంది. నలుగురివీ నాలుగు దారులు. కానీ ఆ మధ్యాహ్నం తర్వాత ఆ నవల మా నలుగురికీ అంతకుముందుకంటే బాగా తెలిసింది. మొదటావిడ పుస్తకం యింటికి తీసుకుపోయి మళ్ళీ చదివింది, తప్పు పట్టడానికే అయినా!

ఈ నలుగురూ మాట్లాడిన తీరు గమనించండి. ఒకామె మర్యాదను బట్టి తూచింది. ఒకామె తను ఎరిగిన బతుకును బట్టి తూచింది. ఒకామె నీతిని బట్టి, యింకొకామె తనలో మిగిలిన భావాన్ని బట్టి. విమర్శకులు పెద్దపెద్ద మాటల్లో చేసేది కూడా యిదే. మనకు లేనిది ఆ మాటలే కాని, తూకం కాదు.

ఈమధ్య కాలంలో వచ్చిన నవలల్ని గురించి కూడా ఒక మాట. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరువుకు గొర్రెల్ని తోలుకుని నల్లమల అడవికి పోయిన కడప పక్క గొల్లల కథ. 2021లో సినిమా అయింది. సినిమా చూసి పుస్తకం పట్టుకున్నవాళ్ళు ‘హీరోయిన్ ఏది?’ అని వెదుక్కున్నారు. ఆ ప్రేమకథ సినిమావాళ్ళు కలిపింది, నవలలో లేదు. అయినా పులి ఎక్కడ పొంచివుందో తెలియని ఆ రాత్రులు ఏ థ్రిల్లర్‌కూ తీసిపోవు. మన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మధురాంతకం నరేంద్రగారి ‘మనోధర్మపరాగం’కు 2022లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ళ సంగీతం, వాళ్ళ బతుకు అందులో కథ. వారి తండ్రి మధురాంతకం రాజారాంగారికి 1993లో కథలకు అదే అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిందని నవల బాగుందనకండి. అవార్డు యిచ్చినవారికి వారి కారణాలుంటాయి. మీ కారణం మీరు వెదుక్కోండి. పేజీలు నెమ్మదిగా నడిచాయనిపిస్తే అదీ చెప్పండి. అయితే రాగం సాగినట్టు నడిచే నవలను, పులి వెంటపడ్డట్టు పరుగెత్తలేదని తప్పుపట్టకూడదు. పాయసంలో కారం లేదని ఎవరూ వంకపెట్టరు గదా.

ఇక ఆచరణకు వద్దాం. పాల లెక్క రాసుకునే నోటుపుస్తకం వెనక నాలుగు పేజీలు విడిచిపెట్టండి. నవల పూర్తికాగానే పేరు, చదివిన తేదీ, ‘నచ్చింది’ లేక ‘నచ్చలేదు’ అని రాసి, పక్కన తప్పనిసరిగా ‘ఎందుకంటే’ అని రాయండి. ఆ మాట రాశాక వాక్యం పూర్తిచేయకుండా కలం కింద పెట్టలేరు. రెండు వాక్యాలు చాలు. ఎవరైనా చదవబోయే పుస్తకమైతే ముగింపు మాత్రం బయట పెట్టకండి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో వంటల ఫోటోలు పంపుకుంటున్నాం, మంచిదే. వారానికొకసారి ఒక పుస్తకం మీద ఆ రెండు వాక్యాలు కూడా పంపుకోండి. ఒకరు ‘బాగుంది’ అంటే ‘ఎందుకక్కా?’ అని అడగండి. దెప్పడానికి కాదు, తెలుసుకోవడానికి. పుస్తకాలు కొనే వీలు లేనివాళ్ళకు వూరి శాఖా గ్రంథాలయం వుంది. అక్కడ ఆడవాళ్ళ కుర్చీలు ఖాళీగా వుంటే అది మన తప్పు కూడాను.

ఇంట్లో మగవాళ్ళో పిల్లలో ‘ఏం చదువుతున్నావు?’ అని అడిగినప్పుడు, ‘ఏదోలే’ అని పుస్తకం మడిచి దిండు కింద పెట్టకండి. కథ ఏమిటో చెప్పండి, మీకేమనిపించిందో చెప్పండి. మా అమ్మ కుట్టిన సీరియల్ పుస్తకం ఒకటి యిప్పటికీ నా దగ్గర వుంది. దాని ఆఖరు పేజీ అంచున పెన్సిలుతో చిన్న అక్షరాల్లో రాసుంది: ‘ఈ పిల్ల వెళ్ళిపోకుండా వుండాల్సింది. వెళ్ళినా తప్పు లేదు.’ అమ్మ చేతిరాతే. కాఫీగ్లాసు పెట్టి లోపలికి వెళ్ళిపోయిన మనిషి ఆ మాట ఎక్కడో ఒకచోట రాసుకుంది. మనం రాసి వూరుకోకుండా, పైకి కూడా చెబుదాం.



(మహిళల కార్యక్రమంలోని రేడియో ప్రసంగం)